సిల్వర్ అన్నంత మాత్రాన అల్యూమినియం కాదు: పాత కారు ఇంజన్ కేసింగు ఏ లోహమో తేల్చుకోవడం

కర్నూలు, అనంతపురం, కడప షెడ్లలో లోహాలకు వాడే పేర్లు మహా అంటే నాలుగు. ఇనుము, బీడు (కాస్ట్ ఐరన్), ఇత్తడి, సిల్వర్. అయస్కాంతం అంటుకుంటే ఇనుమో బీడో, పచ్చగా ఉంటే ఇత్తడి, తెల్లగా ఉన్నదంతా సిల్వర్, లెక్క అయిపోయింది. ఇంట్లో సిల్వర్ గిన్నె అన్నా షెడ్డులో సిల్వర్ కేసింగ్ అన్నా మనసులో ఉండేది అల్యూమినియమే. గిన్నెల వరకు ఆ మాటతో ఏ ఇబ్బందీ లేదు కానీ పాత కారు ఇంజన్ దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్క పేరు కిందకే అల్యూమినియం, మెగ్నీషియం, జింక్ మూడూ దూరిపోతాయి, పైకి చూస్తే మూడూ ఒకే బూడిద రంగు, పైగా నలభై ఏళ్ళ ఆయిల్ జిడ్డు. కడిగే పద్ధతి, వెల్డింగ్ చేసే పద్ధతి, బోల్టు బిగించే పద్ధతి మాత్రం మూడింటికీ వేరు వేరు.

కరిగించి చూస్తే తెలిసిపోతుంది కదా అనుకుంటారు కొందరు. తెలీదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెగ్నీషియం 650 దగ్గర, పది డిగ్రీల తేడా టార్చ్ పట్టుకున్న మనిషి కంటికి ఎక్కడ కనపడుతుంది? తేడా కనపడేది అది అంటుకున్నాక, అప్పటికి చెయ్యగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. అందుకే నిప్పు, గ్రైండర్, యాసిడ్ ఈ మూడూ కేసింగు దగ్గరికి రాకముందే లోహమేదో తేలిపోవాలి, దానికి కావలసినవి ఒక అయస్కాంతం, వేలాడదీసే చిన్న కాటా, బకెట్ నీళ్ళు, కిరాణా అంగట్లో దొరికే వెనిగర్ సీసా, అంతే.

ముందు మన వైపు ఎక్కువగా కనపడే బండ్ల సంగతి చూద్దాం, ఎందుకంటే ఏ బండి అన్నది తెలిస్తేనే సగం జవాబు వచ్చేస్తుంది. అంబాసిడర్‌లో చాలాకాలం వచ్చిన 1489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజన్‌లో బ్లాకూ బీడే, దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ బీడే. ప్రీమియర్ పద్మిని, దానికి ముందున్న ఫియట్ 1100, ఈ 1089 సీసీ ఇంజన్లలో బ్లాకు బీడు కానీ హెడ్డు మాత్రం అల్యూమినియం. పాత విల్లీస్ జీపు, తర్వాత మహీంద్రా జీపుల్లో వచ్చిన హరికేన్ పెట్రోల్ ఇంజన్, వీటి బ్లాకులు బీడు. అంటే ఈ బండ్లలో మెయిన్ బ్లాకు మెగ్నీషియమా కాదా అన్న అనుమానమే అక్కర్లేదు, చూసుకోవాల్సింది హెడ్డు, సైడు కవర్లు, కార్బొరేటర్ లాంటివి. బుల్లెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, కాస్ట్ ఐరన్ బుల్లెట్ కాస్ట్ ఐరన్ బుల్లెట్ అని గొప్పగా చెప్పుకుంటాం కానీ అందులో బీడుది బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ మాత్రమే, హెడ్డూ, కింద క్రాంక్ షాఫ్ట్ తిరిగే పెట్టె అంటే క్రాంక్ కేసూ అల్యూమినియం. పాత జావా, యెజ్డీ 250లు కూడా అంతే, బోరు బీడు, కేసింగు అల్యూమినియం. బండి మొత్తానికి ఒక లోహం పేరు పెట్టేయడం ఎంత తప్పో ఈ ఉదాహరణలే చెప్తాయి.

మెగ్నీషియం అసలు ఎక్కడ ఎదురవుతుందంటే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ దగ్గర. ఆ కారు ఇంజన్‌కు నీళ్ళు ఉండవు, గాలితోనే చల్లబడుతుంది, వెనక డిక్కీలో ఉంటుంది, దాని క్రాంక్ కేసూ గేర్‌బాక్స్ కేసింగూ మెగ్నీషియం పోతలు, ఒక్కో కారులో సుమారు 20 కిలోల మెగ్నీషియం ఉండేదని లెక్క. బీటిల్ ఇంజన్ చూడముచ్చటగా ఉంటుంది, ఎందుకంటే ఒకే ఇంజన్‌లో మూడు లోహాలు: కేసు మెగ్నీషియం, దానిమీద నిలబడే నాలుగు బోర్లు బీడు, వాటి తలలమీద ఉండే హెడ్లు అల్యూమినియం, ఈ మూడింటినీ కలిపి పట్టుకునేవి పొడుగాటి స్టీలు స్టడ్లు, అంటే తల లేని మరల కడ్డీలు. వేడెక్కినప్పుడు మెగ్నీషియం అన్నింటికన్నా ఎక్కువ సాగుతుంది, దాని వెనకే అల్యూమినియం, బీడూ స్టీలూ అందులో సగం కూడా సాగవు. ఆ లాగుడంతా స్టడ్డు మర మీద పడి మెత్తటి మెగ్నీషియంలోంచి మర ఊడొచ్చేస్తుంది, పాత బీటిల్ ఇంజన్లలో ఇది బాగా తెలిసిన జబ్బు. దీనికి మందు లోపల స్టీలు మరల బుష్ వెయ్యడం. లోహం తెలియక మళ్ళీ అదే రంధ్రంలో ఇంకాస్త లావు స్టడ్డు వేసి గట్టిగా బిగిస్తే ఈసారి కేసే పగులుతుంది.

పోర్షే 911 కథ ఇంకా గమ్మత్తు. మొదట్లో దాని క్రాంక్ కేసు అల్యూమినియం, 1968 మోడల్ ప్రాంతం నుంచి 1977 దాకా మెగ్నీషియం, 1978 నుంచి మళ్ళీ అల్యూమినియం, టర్బో మోడల్‌కైతే మొదటినుంచీ అల్యూమినియమే. అదే కారు, అదే ఇంజన్ ఆకారం, ఏడాది మారితే లోహం మారిపోయింది. బీటిల్‌కు కూడా బయటి కంపెనీలు అల్యూమినియం కేసులు తయారు చేసి అమ్మాయి, కాబట్టి కారు పేరు చూసి లోహం చెప్పేయడం కుదరదు. ఇలాంటి కార్లు మన జిల్లాల్లో చాలా తక్కువే, కానీ బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ మూడూ మనకు కొన్ని గంటల దారి, అక్కడ అమ్మేసిన పాత ఇంజన్ ఇక్కడి షెడ్డుకు చేరడం పెద్ద విచిత్రమేమీ కాదు, పైగా అరుదుగా వస్తుంది కాబట్టే చూడగానే గుర్తుపట్టే అలవాటు చేతికి ఉండదు.

ఇంక పరీక్షలకొద్దాం. మొదటిది అయస్కాంతం. సిల్వర్ పెయింట్ కొట్టిన బీడు బ్లాకుల్ని అల్యూమినియం అని నమ్మినవాళ్ళు ఉన్నారు, అయస్కాంతం పెడితే ఆ గొడవ అక్కడే తీరిపోతుంది. ఒక్క చోట పెట్టి వదిలెయ్యకూడదు, అల్యూమినియం కేసులో కూడా స్టీలు స్టడ్లు, బీడు స్లీవులు ఉంటాయి, అయస్కాంతం వాటికి పట్టుకుని మొత్తం బీడే అనిపిస్తుంది, అందుకని గోడ మీద, అంచు మీద, మధ్యలో, కనీసం నాలుగు చోట్ల చూడాలి. అంటుకోకపోతే అది బీడు కాదని తేలింది, అంతకుమించి అయస్కాంతం ఏమీ చెప్పదు.

రెండోది చేత్తో ముట్టుకునే పనే లేదు, ఆలోచిస్తే చాలు: ఈ కేసింగులోంచి కూలెంట్ నీళ్ళు పారతాయా? పారితే అది మెగ్నీషియం అయ్యే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే మెగ్నీషియానికి నీళ్ళంటే పడదు, తడి తగిలి పక్కన స్టీలు బోల్టు కూడా ఉంటే తాను ముందు తినబడి బోల్టును కాపాడుతుంది. ఈ మధ్య కాలంలో బీఎండబ్ల్యూ తన ఆరు సిలిండర్ల ఇంజన్ ఒకదానికి మెగ్నీషియం బ్లాకు వాడినప్పుడు కూడా నీళ్ళు తగిలే లోపలి భాగమంతా అల్యూమినియంతో చేసి దాని చుట్టూ మెగ్నీషియం పోత పోసింది, అంత జాగ్రత్త కావాల్సొచ్చింది. కాబట్టి అనుమానం ఎక్కువగా పెట్టుకోవాల్సింది గాలితో చల్లబడే ఇంజన్ల మీద, గేర్‌బాక్స్ కేసింగుల మీద, ఆయిల్ సంపుల మీద, కవర్ల మీద.

పోత మీద ఉబ్బెత్తుగా అక్షరాలేమైనా ఉన్నాయేమో వైర్ బ్రష్ కొట్టి చూడటం కూడా మంచిదే. ఏఎస్41, ఏఎస్21, ఏజెడ్91 అని కనపడితే మెగ్నీషియం. ఏ అంటే అల్యూమినియం, ఎస్ అంటే సిలికాన్, జెడ్ అంటే జింక్, పక్కన అంకెలు ఎంత శాతం కలిపారో చెప్తాయి, ఏజెడ్91లో 9 శాతం అల్యూమినియం 1 శాతం జింక్, మిగతాదంతా మెగ్నీషియమే, పేరులో మెగ్నీషియం అక్షరమే ఉండదు కాబట్టి ఏ చూసి అల్యూమినియం అనుకునే ప్రమాదం ఉంది. ఎల్ఎం4, ఎల్ఎం6, ఎల్ఎం25 అని ఉంటే అది బ్రిటిష్ పద్ధతిలో అల్యూమినియం పోత. చాలా కేసింగుల మీద ఇవేవీ ఉండవు, ఉన్నా అరిగిపోయి ఉంటాయి, లేనంత మాత్రాన ఏమీ రుజువు కాదు.

రంగును మాత్రం నమ్మకూడదు. మెగ్నీషియం ముదురు బూడిద, అల్యూమినియం మెరుపు అని అంటారు, కొత్తగా గీరిన చోట పక్కపక్కన పెట్టి చూస్తే నిజమే కావొచ్చు కానీ విడిగా ఒక్కటే ముందున్నప్పుడు ఎవరికీ తేలదు. తెల్లటి బూజు లాంటి పొడి పట్టిందా లేదా అన్నది కూడా అంతే. సముద్రం పక్కన తిరిగిన కారుకు ఉప్పు గాలికి మెగ్నీషియం మీద తెల్లగా పొక్కులొస్తాయి, అదే కారు అనంతపురం ఎండల్లో వాన ముఖం చూడకుండా పడుంటే ఏళ్ళ తరబడి ఏమీ పట్టదు. ఇక్కడ శుభ్రంగా ఉంది కాబట్టి అల్యూమినియమే అని తేల్చెయ్యడం మన వాతావరణం చేసే మోసం.

నమ్మదగ్గ పరీక్ష బరువు. మన జిల్లాల వాళ్ళకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు నిజానికి, మంగంపేట ముగ్గురాయి ముక్క ఒకసారి చేత్తో ఎత్తినవాళ్ళకు అదే సైజు కడప బండ ముక్కకూ దానికీ తేడా చెయ్యే చెప్తుంది. కడప బండ ఒక సీసీ (ఘన సెంటీమీటరు) సుమారు 2.7 గ్రాములు, ముగ్గురాయి 4.2 నుంచి 4.5 దాకా తూగుతుంది. లోహాలూ అంతే. మెగ్నీషియం 1.74, కేసింగులకు వాడే దాని మిశ్రమాలు 1.8కి అటూ ఇటూ. అల్యూమినియం పోతలు 2.7 దగ్గర, అంటే అచ్చం కడప బండ బరువు. జింక్ పోతలు 6.6 పైన, బీడు 7.2 దగ్గర. అల్యూమినియం ముక్క అదే సైజు మెగ్నీషియం ముక్క కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, ఇది చిన్న తేడా కాదు, కానీ కేసింగు లాంటి బోలు వస్తువు సైజు కంటితో అంచనా కట్టలేం కదా, అందుకే బకెట్ కావాలి.

ముక్కను ముందు ఆయిల్ జిడ్డు లేకుండా కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాలి, స్టడ్లు, బేరింగులు, బుష్‌లు తీయగలిగినన్ని తీసెయ్యాలి. సన్న తీగతో కాటాకు వేలాడదీసి గాలిలో బరువు రాసుకోవాలి, తర్వాత అలాగే వేలాడుతూ బకెట్ అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా పూర్తిగా నీళ్ళలో ముంచి మళ్ళీ బరువు చూడాలి. గాలిలో బరువును, రెండు బరువుల తేడాతో భాగిస్తే వచ్చేదే సాంద్రత. ఉదాహరణకు ఒక కవరు గాలిలో 900 గ్రాములు, నీళ్ళలో 400 అనుకుందాం, తేడా 500, 900ను 500తో భాగిస్తే 1.8, అది మెగ్నీషియం. అదే ఆకారం అల్యూమినియంతో చేసుంటే గాలిలో 1350 ఉండేది, నీళ్ళలో 850, లెక్క 2.7 వస్తుంది. స్టడ్లు తియ్యకుండా తూస్తే ఏమవుతుందో కూడా చూడండి: ఆ మెగ్నీషియం కవరుకే 150 గ్రాముల స్టీలు స్టడ్లు ఉంటే మొత్తం 1050 అవుతుంది, స్టీలు మరో 19 సీసీ చోటు తీసుకుంటుంది, లెక్క 2.02 దగ్గర తేలుతుంది. అందుకే 1.8కీ 2.7కీ మధ్యలో ఏదో అంకె వస్తే అది కొత్త లోహమేమీ కాదు, చాలావరకు లోపల ఇంకా స్టీలు ఉందని అర్థం. దీనికి వ్యతిరేకంగా పనిచేసేది గాలి, ఆయిల్ రంధ్రాల్లో గాలి బుడగలు ఇరుక్కుంటే నీళ్ళలో బరువు తక్కువ చూపించి అల్యూమినియాన్ని కూడా తేలికైన లోహంలా చూపిస్తుంది, ముంచాక రెండు మూడు సార్లు తిప్పి కుదిపి బుడగలు పోనివ్వాలి.

ఇంజన్ మొత్తం బిగించే ఉంది, విప్పే వీల్లేదు అన్నప్పుడు వెనిగర్. గాస్కెట్ కూర్చునే నునుపు చోటు కాకుండా ఎక్కడో మూల చూసుకుని, పెయింటూ జిడ్డూ పోయేలా కత్తితో మెరిసే లోహం కనపడేదాకా గీరి ఒక చుక్క వెయ్యాలి. మెగ్నీషియమైతే వెంటనే సోడా పొంగినట్టు బుడగలు మొదలవుతాయి, ఆ బుడగలు హైడ్రోజన్. అల్యూమినియం మీద ఏమీ జరగదు, దాని మీద ఉండే సన్నని ఆక్సైడ్ పొర వెనిగర్‌ను లోపలికి రానివ్వదు. చూడటం అయ్యాక నీళ్ళ గుడ్డతో తుడిచి ఆరబెట్టేస్తే చాలు.

ఈ పరీక్ష సులువే, కానీ మన వైపు దీంట్లో రెండు ఉచ్చులున్నాయి, ఇవి వేరే ఊళ్ళవాళ్ళు రాసిన సలహాల్లో కనపడవు. ఒకటి, బోరు నీళ్ళు. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళతో కడిగిన కేసింగు మీద, ముఖ్యంగా మూలల్లో, బక్కెట్లకు పట్టినట్టే తెల్లటి సున్నపు పొర పడుతుంది, దాని మీద వెనిగర్ పడితే అది కూడా పొంగుతుంది, కింద ఉన్నది అల్యూమినియమైనా సరే. అందుకే గీరడం తప్పనిసరి. రెండోది, కేసింగును కడప బండ మీద పెట్టి పరీక్ష చెయ్యడం. కడప బండ సున్నపురాయి జాతిది, పులుపు పడితే మచ్చ పడుతుందని వంటింట్లో గట్టు వేయించుకున్న ప్రతి ఇంట్లో తెలుసు, చుక్క జారి బండ మీద పడి అక్కడ నురగ కనపడితే అది లోహానిదో రాయిదో గందరగోళం. చెక్క మీదో గోనె సంచి మీదో పెట్టుకోవడం మేలు. వెనిగర్ లేకపోతే నిమ్మరసం కూడా పనికొస్తుంది.

వెనిగర్‌కు సరిగ్గా తిరగేసి నడిచేది కాస్టిక్ సోడా. అల్యూమినియం మీద కాస్టిక్ చుక్క పడితే బుసబుసా పొంగి నల్లటి మసి వదుల్తుంది, మెగ్నీషియం మీద పడితే చలనం ఉండదు. ఒకటి పులుపుకు లొంగుతుంది, ఇంకొకటి క్షారానికి. కర్నూలు పక్కన గొందిపర్లలో కాస్టిక్ సోడా తయారు చేసే ఫ్యాక్టరీ దశాబ్దాలుగా ఉంది, ఇది మనకు తెలియని పదార్థమేమీ కాదు, అయినా కంట్లో పడితే చూపు పోయే పదార్థం, కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా దీని జోలికి పోవద్దు, వెనిగర్‌తో తేలిపోయినప్పుడు దీని అవసరమే లేదు. ఇది ఇక్కడ చెప్పేది పరీక్ష కోసం కన్నా కడగడం కోసం. కొన్ని షెడ్లలో జిడ్డు వదలడానికి పార్టులన్నీ వేడి కాస్టిక్ తొట్టిలో వేసేస్తారు. అంబాసిడర్ బీడు బ్లాకు అందులో హాయిగా శుభ్రమవుతుంది. అదే తొట్టిలో పద్మిని హెడ్డు వేస్తే నునుపు ముఖమంతా తినేసి గుంటలు పడుతుంది, ఎంత మంచి హెడ్డైనా గంటల్లో పాడైపోతుంది. బీటిల్ కేసుకు కాస్టిక్ ఏమీ చెయ్యదు కానీ ఎవరో తుప్పు వదలడానికని యాసిడ్‌లో ముంచితే అది కరిగిపోతూ ఉంటుంది. రెండు బండ్లు, రెండు తొట్లు, తప్పు తొట్టిలో పడితే మళ్ళీ దొరకని పార్టు పోయినట్టే.

జింక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కార్బొరేటర్ బాడీలు, డోర్ హ్యాండిళ్ళు, కొన్ని చిన్న కవర్లు జింక్ పోతలు ఉంటాయి, చేతిలోకి తీసుకోగానే సైజుకు మించిన బరువు తెలుస్తుంది, అయస్కాంతం అంటదు. కరిగేది కూడా దాదాపు 400 డిగ్రీలకే కాబట్టి దాని మీద టార్చ్ పెడితే రంగు మారకుండానే ఒక్కసారిగా కూలిపోతుంది.

ఇంక నిప్పు. టెన్త్ క్లాసులో సైన్స్ సారు పట్టకారుతో పట్టుకుని వెలిగించిన మెగ్నీషియం రిబ్బన్ అందరికీ గుర్తుండే ఉంటుంది, కళ్ళు చెదిరే తెల్లటి వెలుగు. కేసింగు పొడి కూడా అలాగే వెలుగుతుంది, అందుకే ఆకురాయితో కాస్త పొడి రాల్చి అగ్గిపుల్ల పెట్టి చూడమని కొందరు సలహా ఇస్తారు. వెనిగర్, బకెట్ ఉన్నప్పుడు ఆ పరీక్ష చెయ్యాల్సిన అవసరం ఏముంది? లావుపాటి కేసింగు అంత త్వరగా అంటుకోదు, వేడిని లోపలికి లాగేసుకుంటుంది, అంటుకునేది పొడి, లేత్ చిప్స్, గ్రైండర్ కింద పోగయ్యే సన్న రజను. పొద్దున బీడు రుద్దిన గ్రైండర్ మీదే మధ్యాహ్నం మెగ్నీషియం రుద్దితే నిప్పురవ్వలకూ రజనుకూ జత కుదిరినట్టే. నిప్పురవ్వలు చూసి బీడు అవునో కాదో చెప్పే పాత పద్ధతి బీడు, ఉక్కుల వరకే పెట్టుకోవాలి, తేలికగా ఉన్న ఏ ముక్కనూ ఆ చక్రం దగ్గరికి తీసుకుపోకూడదు.

అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, నీళ్ళలోంచి హైడ్రోజన్ విడదీసి మంట ఇంకా పైకి లేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పనికిరాదు, ఆ గ్యాసులో కూడా మెగ్నీషియం మండుతుంది. పొడి ఇసుకతో కప్పెయ్యాలి, తడి ఇసుక కాదు. 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లో లె మాన్స్ రేసులో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కారు జనం వైపు ఎగిరి పడి 80 మందికి పైగా చనిపోయారు, ఆ కారు బాడీ మెగ్నీషియం మిశ్రమం, మంట ఆర్పడానికి నీళ్ళు కొట్టేసరికి ఇంకా ఉధృతమైంది. షెడ్డులో ఒక మూల ఎండిన ఇసుక బకెట్ పెట్టుకోవడానికి ఖర్చేమీ కాదు.

లోహం తేలాక వెల్డింగ్ మాట. రెండింటికీ ఆర్గాన్ వెల్డింగే, మిషన్ కూడా అదే, మారేది అతుకులో కరిగించి నింపే పుల్ల. అల్యూమినియం కేసుకు అల్యూమినియం సిలికాన్ పుల్ల, 4043 లాంటిది, మెగ్నీషియం కేసుకు మెగ్నీషియం పుల్లే. మెగ్నీషియం మీద అల్యూమినియం పుల్ల పెడితే అతుకు పడినట్టే కనపడుతుంది, పైకి నునుపుగా కూడా వస్తుంది, కానీ రెండు లోహాలూ కలిసిన చోట గాజులా పెళుసు పదార్థం ఏర్పడి చల్లారుతూనే సన్న పగుళ్ళు పుడతాయి, ఇంజన్ నాలుగు సార్లు వేడెక్కి చల్లారితే అతుకు వెంబడే ఆయిల్ కారడం మొదలవుతుంది. లేత్ షాపు అతనిది తప్పని అనలేం, సిల్వర్ కేసింగ్ అని చెప్పి ఇచ్చారు, సిల్వర్ పుల్ల పెట్టాడు.

పాత ఇంజన్ కొనేటప్పుడు ఇదే విషయం తిరగేసి వాడుకోవచ్చు. బీటిల్ కేసు మీద ఎక్కడైనా రిపేర్ మచ్చ కనపడితే, అతుకు మీద ఒక చోట, దానికి అంగుళం దూరంలో ఒక చోట గీరి రెండు వెనిగర్ చుక్కలు వెయ్యండి. రెండూ పొంగితే సరైన పుల్లతో చేసిన పని. పక్కది పొంగి అతుకు మీద చుక్క చుక్కలాగే నిలిచిపోతే, ఆ కేసుకు అడిగిన రేటు ఇవ్వొద్దు.